మలాయిలో తొంగోడాన్ని ఏమంటారు

ఆ ఆదివారం మా ఇంట్లో ఉన్నది నాన్న, అమ్మ, మామ్మ, తాతబాబు మావయ్య, నేను. నాన్న ఉన్నా లేనట్టే. రాత్రంతా ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా కాసి వచ్చి, హాల్లో ఫ్యాను కింద చాప పరుచుకుని గురక పెడుతున్నాడు. మామ్మ, అంటే నాన్న తల్లి కూర్మమ్మ, వెనక వాకిట్లో కూర్చుని మునగాకు దూస్తోంది. అమ్మ గదిలో తల దువ్వుకుంటోంది. అమ్మ తమ్ముడు తాతబాబు మావయ్య తను తెచ్చిన, పనసలాంటి డురియాన్ పండ్లను నాన్న తల దగ్గర పెట్టి, ఆ వాసనకు లేస్తాడేమోనని చూస్తున్నాడు. నాన్న లేవలేదు. అటు తిరిగి పడుకున్నాడు.

"బావ నిద్ర సూడండే. ఇంటికి నిప్పెట్టినా లెగడు" అన్నాడు మావయ్య.

"నీలాగ లారీలో ఊరేగతన్నాడేటి? రాత్రి పని సేసి వచ్చినాడు. ఆ పండ్లు అవతలెట్టు, కంపు" అంది మామ్మ వెనక నుంచి.

"పోయిన్సారి గింజ కూడా ఒగ్గకుండా తిన్నావు. అప్పుడు కంపు కాదా అత్తా?"

మామ్మ మునగాకు పుల్ల ఒకటి అతని మీదకు విసిరింది. నేను నవ్వాను, కానీ చప్పుడు చేయలేదు. నేను ఎప్పుడూ చప్పుడు చేయను. బడిలో హాజరు పిలిచినప్పుడు కూడా చెయ్యి ఎత్తుతాను తప్ప నోరు తెరవను. నా పేరు పైడీశ్వరి. బళ్లో ఎవరికీ ఆ పేరు సరిగా పలకడం రాదు, నేను సరిదిద్దను కూడా.

మలేషియాలోని మా కెడా రాష్ట్రంలో వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. ఆదివారం అన్నీ తెరిచే ఉంటాయి. ఆ రోజు సుంగై పెటాని దగ్గరున్న సర్కారు క్లినిక్కులో అమ్మ డాక్టరుకు చూపించుకునే రోజు. ప్రతిసారీ మావయ్యే కారులో తీసుకెళ్లి తీసుకొస్తాడు. నాకు బడి సెలవులు. అమ్మ జడ వేసుకుని బయటికి వచ్చి నా వైపు చూసి, "పైడీ, నువ్వు కూడా రాయే" అంది.

అమ్మ నన్ను ఏదైనా అడిగి చాలా కాలమైంది. నేను చెప్పుల కోసం పరిగెత్తాను.

అమ్మకు జబ్బు చేసి ఏడాది దాటింది. అంతకు ముందు ఆమె చేతి తొడుగుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసేది. ఒక పొద్దున్న ఫ్యాక్టరీ బస్సు మా లైను ఇళ్ల ముందు హారన్ కొడుతుంటే, ఒక కాలికి బూటు వేసుకుని, రెండోది చేతిలో పట్టుకుని మంచం మీద అలాగే కూర్చుండిపోయింది. బస్సు వెళ్లిపోయింది. మర్నాడూ అలాగే వెళ్లిపోయింది. తర్వాత తినడం తగ్గింది, మాట తగ్గింది. ఎందుకని అందరూ అడిగారు. ప్రత్యేకంగా ఒక కారణం ఉండక్కర్లేదని, ఇదీ ఒక జబ్బేనని డాక్టరు చెప్పాక అడగడం మానేశారు, మామ్మ తప్ప.

తైపూసం పండగ తర్వాత మందు మొదలైంది. రోజూ పొద్దున్న తిన్నాక ఒక తెల్ల మాత్ర. మొదట్లో ఏమీ తెలియలేదు. తర్వాత ఒక రోజు అమ్మ చేపల బండి అతనితో దెబ్బలాడింది. కుళ్లిన చేప ఇచ్చావని గట్టిగా అరిచింది. మామ్మ లోపల నుంచి పరిగెత్తుకొచ్చి, ఆ అరుపు విని దేవుడికి దణ్ణం పెట్టుకుంది. ఆ తర్వాత అమ్మ వంట మొదలుపెట్టింది. నాకు తల దువ్వడం మొదలుపెట్టింది.

రాత్రులు మాత్రం మారలేదు. నాన్నకు రాత్రి పని కాబట్టి నేను అమ్మ పక్కన పడుకుంటాను. దీపం ఆర్పాక అమ్మ కాలి మెట్టె గోడకు చిన్నగా తగులుతూ ఉంటుంది. నాకు ఎప్పుడు మెలకువ వచ్చినా ఆ చప్పుడు ఉంటుంది. పొద్దున్న లేచేసరికి కళ్ల కింద నల్లగా, పాలు పొంగిపోతున్నా చూస్తూ నిలబడుతుంది. ఈ సంగతి డాక్టరుకు తెలుసనే నేను అనుకున్నాను. వెళ్లిన ప్రతిసారీ మావయ్య చెబుతున్నాడు కదా అనుకున్నాను.

క్లినిక్కులో మా వంతు రావడానికి చాలాసేపు పట్టింది. డాక్టరు లేత ఆకుపచ్చ తలగుడ్డ కట్టుకున్న మలాయి ఆవిడ, చిన్న వయసు. అమ్మ కూర్చోవాల్సిన కుర్చీలో మావయ్య కూర్చున్నాడు. అమ్మ పక్క కుర్చీలో, నేను గోడకు ఆనుకుని.

అమ్మకు మలాయి రాదని కాదు. బజార్లో బేరమాడేంత వచ్చు. కానీ జబ్బు చేసినప్పటి నుంచి కొత్తవాళ్ల ముందు ఆమె తల వాలిపోతుంది. చెవులు కూడా మూసుకుపోతాయేమో, ఎవరో ఒకరు మళ్లీ తెలుగులో చెబితే తప్ప పలకదు. మావయ్యకు మాట్లాడడమంటే ఇష్టం. లారీ మీద దేశమంతా తిరిగినవాడు. మలాయి గడగడా మాట్లాడతాడు, డాక్టర్ అనే మాటను ప్రతి వాక్యం చివరా తగిలిస్తాడు.

డాక్టరు ముందు తిండి గురించి అడిగింది, పని గురించి అడిగింది. మావయ్య చేపల బండి కథ చేతులు ఊపుతూ చెప్పాడు. డాక్టరు నవ్వింది. తర్వాత అడిగింది, రాత్రి ఎన్ని గంటలకు తిదుర్ అని. తిదుర్ అంటే మలాయిలో నిద్ర.

మావయ్య అమ్మ వైపు తిరిగాడు. "అక్కా, రాత్రేళ ఎప్పుడు తొంగుంతన్నావంతంది."

"ఎనిమిదికే తొంగుంతన్నాను" అంది అమ్మ నేల వైపు చూస్తూ.

"ఎనిమిదికల్లా సుదా తిదుర్, డాక్టర్!" అన్నాడు మావయ్య గర్వంగా, అప్పటికే నిద్రపోతుందని. "తెల్లారి అయిదుకు లేస్తుంది, డాక్టర్!" అని కూడా తనే కలిపాడు.

"బాగూస్" అంది డాక్టరు. మంచిది అని అర్థం. కంప్యూటర్‌లో అదే రాస్తోంది. నిద్ర బాగుంది, తిండి బాగుంది, ఇదే మందు ఇలాగే వాడండి, ఇక పనిలోకి వెళ్లడానికి ఉత్తరం రాసిస్తాను అంటోంది. మావయ్య మొహం వెలిగిపోయింది. అమ్మ అలాగే నేల చూస్తోంది.

నాకు అప్పుడు అర్థమైంది, ఇన్ని నెలలూ ఏం జరిగిందో.

మా ఇంటి మాటలో తొంగోడం అంటే చాప మీద వాలడం. అంతే. వాలాక నిద్ర పట్టిందా లేదా అన్నది వేరే సంగతి. కానీ తమిళంలో తూంగు అంటే నిద్రపోవడం. మావయ్య లారీ ఆఫీసులో అందరూ తమిళులే. అతని అత్తవారిల్లు తమిళం. అతని తెలుగు సగం తమిళంలోకి ఎప్పుడో జారిపోయింది. అమ్మ తొంగున్నానంటే అతనికి తూంగినట్టే వినిపిస్తోంది. అమ్మ నిజమే చెప్పింది. మావయ్య విన్నదే చెప్పాడు. డాక్టరు అతను చెప్పిందే రాసుకుంది. అమ్మకు మాత్రం నిద్ర లేదు.

ఆ ఉత్తరం పట్టుకుని అమ్మ ఫ్యాక్టరీకి వెళ్తుంది. నిద్ర లేని కళ్లతో బస్సు ఎక్కుతుంది. మళ్లీ ఒక పొద్దున్న చేతిలో బూటుతో కూర్చుండిపోతుంది. ఇదంతా నాకు కనబడింది. నోరు తెరవాలి.   డాక్టరు కీబోర్డు మీద టకటకా కొడుతోంది.

"బారింగ్" అన్నాను.

ఎవరికీ వినబడలేదు. మళ్లీ అన్నాను. ఈసారి నా గొంతు నాకే పెద్దగా వినిపించి భయమేసింది.

"ఏటే కోడలా? బారింగ్ ఏటి?" అన్నాడు మావయ్య. "సలేస్తందా ఏసీకి?"

"మాక్ బారింగ్ సాజా, డాక్టర్" అన్నాను. అమ్మ వాలుతుంది, అంతే. "తిదుర్ తాక్ అడా." నిద్ర లేదు.

డాక్టరు చేతులు కీబోర్డు మీద నుంచి లేచాయి. కుర్చీ నా వైపు తిప్పింది.

"ఆదిక్, మళ్లీ చెప్పు. మెల్లగా చెప్పు" అంది. ఆదిక్ అంటే చెల్లి.

చెప్పాను. మా రబ్బరు ఎస్టేట్ బడి తమిళ బడి. తర్వాత చేరిన పల్లెటూరి హైస్కూలు మలాయి బడి. తెలుగు ఇంట్లో మామ్మ దగ్గర వచ్చింది. మూడు భాషలూ నాకు వచ్చు, కానీ మూడింటిలోనూ మాట్లాడను. ఆ రోజు మూడూ కలిసి ఒకేసారి బయటికి వచ్చాయి. తొంగు వేరు, తూంగు వేరు, తిదుర్ వేరు అని చెప్పాను. మెట్టె చప్పుడు చెప్పాను. పాలు పొంగిపోవడం చెప్పాను. మధ్యలో ఒక మలాయి మాట దొరక్క చేత్తో కళ్లు విప్పార్చి చూపించాను. డాక్టరు నవ్వలేదు.

"అమ్మను నువ్వే అడుగు" అంది. "మీ మాటలో అడుగు."

నేను అమ్మ కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. "అమ్మా, తొంగున్నాక నిద్ర పడతందా?"

అమ్మ తల ఎత్తింది. నా మొహం చూసింది, డాక్టరు మొహం చూసింది.

"ఎక్కడే?" అంది. "కోడి కూసే ఏలకి కాసింత రెప్ప పడతది. అంతే. రాత్రంతా ఇంటికప్పు సూత్తానే ఉంతాను."

"ఓలమ్మో! మరి నాకెందుకు సెప్పలేదే అక్కా?" అన్నాడు మావయ్య.

"నువ్వు తొంగున్నావా అనడిగినావు. తొంగున్నానన్నాను. నిద్ర పట్టిందా అని ఎవులడిగినారు?"

డాక్టరు ఇంకొన్ని సంగతులు అమ్మను ఒంటరిగా అడగాలంది. అవి పిల్లలు తర్జుమా చేసే ప్రశ్నలు కావంది. అందరూ మిస్సీ అని పిలిచే నర్సు కన్నియమ్మను పిలిపించింది. ఆవిడ తమిళావిడ, అమ్మకు తమిళం బాగా వచ్చు. మొదటి రోజే మిస్సీ వస్తానంటే మావయ్యే అక్కర్లేదని పంపించేశాడట, నేనున్నాను కదా అని. ఆ మాట మిస్సీ లోపలికి వస్తూ అతని మొహం మీదే అంది. మావయ్య, నేను బయటికి వచ్చాం.

బయట బల్ల మీద కూర్చున్నాక మావయ్య కారు తాళాలు చేతిలో తిప్పుతూనే ఉన్నాడు. 

"నన్ను డాక్టరు ముందర ఎర్రోణ్ణి సేసీసినావు కదే" అన్నాడు చివరికి.

నేను చేతులు చూసుకున్నాను.

"ఇంట్లో నోట్లో ముద్దెట్టుకున్నట్టు ఉంతావు. ఇక్కడికొచ్చి పార్లమెంటులో మాటాడినట్టు మాటాడినావు. ఏటి, మీ బళ్లో ఇదే నేర్పుతన్నారా?"

"లేదు మావ."

"నా తెలుగు తప్పంతావు."

 అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "తెలుగు కాదు మావ. తమిళం ఎక్కువైపోయింది లా" అన్నాను, ఇక్కడ అందరిలాగే మాట చివర లా తగిలించి.

అతను నా వైపు గుడ్లు ఉరిమి చూశాడు. తర్వాత పొట్ట కదిలేలా నవ్వాడు. పక్క బల్ల మీద కూర్చున్న చీనా ముసలాయన ఉలిక్కిపడ్డాడు. నవ్వు ఆగాక మావయ్య కళ్లు తుడుచుకున్నాడు. నవ్వుకు వచ్చిన నీళ్లు కావు అవి.

"అక్క నిద్రోతందనే అనుకున్నానే" అన్నాడు. "మా ఆవిడకి కూడా అలగే సెప్పినాను, మా అక్క బాగైపోయిందని." లేచి వెళ్లి నాకు తాగడానికి చల్లటి మైలో తెచ్చిపెట్టాడు. తనకు ఏమీ తెచ్చుకోలేదు.

మళ్లీ లోపలికి పిలిచినప్పుడు అమ్మ కళ్లు ఎర్రగా ఉన్నాయి, కానీ తల వాల్చి లేదు. మావయ్య ఈసారి రోగి కుర్చీలో కూర్చోలేదు. నన్ను అమ్మ పక్కన కూర్చోబెట్టి తను గోడకు ఆనుకున్నాడు.

డాక్టరు మిస్సీతో ఒక మాట, నాతో ఒక మాట చెప్పింది. పొద్దుటి తెల్ల మాత్ర పని చేస్తోంది, దాన్ని మానకూడదు. దానికి తోడుగా రాత్రి పూట ఇంకో మాత్ర ఇస్తుంది. అది ఉత్త నిద్రమాత్ర కాదు, అది కూడా ఈ దిగులు జబ్బుకే మందు. తక్కువ మోతాదులో పడుకునే ముందు వేసుకుంటే నిద్ర తెస్తుంది. నిద్ర పడితే పొద్దుటి మందుకు కూడా బలం వస్తుంది. మొదట్లో పొద్దున్న బరువుగా, మత్తుగా ఉండొచ్చు. ఆకలి పెరగొచ్చు. అలా ఉన్నన్నాళ్లు మోటారుసైకిలు ముట్టుకోకూడదు, మిషను దగ్గరికి వెళ్లకూడదు. పని ఉత్తరం ఇప్పుడు కాదు, తొందరలోనే మళ్లీ రండి, ఎలా ఉందో చూశాక చూద్దాం. ఈలోగా ఏం తేడా కనిపించినా ఫోను చేయండి, మీకు మీరే మానేయకండి.

అన్నీ అమ్మకు తెలుగులో చెప్పాను. మురుంగ్ అని డాక్టరు అన్న మాటకు ఏం చెప్పాలా అని ఆగాను. మామ్మ వర్షాకాలంలో ఊరికే కిటికీ దగ్గర కూర్చున్నప్పుడు ఒక మాట అంటుంది, దిగులు అని. అదే చెప్పాను. అమ్మ, "అవునే, అదే" అంది. ఇంతకాలం డాక్టరు ఆ మాటే అడుగుతోందని ఆమెకు తెలియదు. మావయ్య దాన్ని జ్వరం తర్వాత నీరసం అని చెబుతూ వచ్చాడట.

వచ్చేటప్పుడు డాక్టరు నా పేరు అడిగింది. చెప్పాను. ఆవిడ తప్పుగా పలికింది. "పై-డీ-శ్వ-రి" అన్నాను. ఆవిడ మళ్లీ పలికింది. సరిగానే పలికింది.

ఇంటికి వచ్చేసరికి నాన్న లేచి, డురియాన్ పగలగొట్టి తింటున్నాడు. మామ్మ మందు సంచి చూసింది.

"రెండోదెందుకు? రెండో మందిచ్చినారంటే రోగం ముదిరినట్టే కదరా తాతబాబూ. బాగైపోతందన్నావు!"

"ముదర్లేదత్తా. ఇన్నాళ్లూ నానే సరిగ్గా సెప్పలేదు" అన్నాడు మావయ్య. జరిగిందంతా చెప్పాడు. తన తప్పును కూడా చేతులు ఊపుతూ, పక్క ఇంటివాళ్లకు వినబడేలా చెప్పాడు. తొంగోడం, తూంగడం దగ్గరికి వచ్చేసరికి నాన్న చేతిలో పండు పక్కన పెట్టి నా వైపు చూశాడు.

"ఈ గుంట మాటాడిందా? డాక్టరుతోనా?"

"మాటాడ్డమేటి బావా. డాక్టరు కుర్చీ తిరిగిపోనాది."

నాన్న పండులో బాగా పసుపుగా ఉన్న తొన ఏరి నా చేతిలో పెట్టాడు. అలాంటిది ఎప్పుడూ మామ్మకే వెళ్తుంది. మామ్మ కూడా అడగలేదు.

కానీ అమ్మ మందు సంచి ముట్టుకోలేదు. బల్ల మీద పెట్టి దానికి దూరంగా కూర్చుంది.

"పొద్దుటిదేసుకుంతాను. ఇది వద్దు" అంది. "మత్తంట. మత్తు నాను నోట్లో ఎట్టను."

ఎందుకో అందరికీ తెలుసు. అమ్మ వాళ్ల నాన్న, అంటే నేను చూడని తాత, ఎస్టేట్‌లో సంసు సారా తాగి తాగి పోయాడు. అమ్మ చిన్నప్పుడు అతన్ని కాలువ గట్టు మీద నుంచి ఇంటికి మోసుకొచ్చేది. మావయ్య లారీవాళ్లతో తిరిగినా బీరు కూడా ముట్టడు. ఆ ఇంటి పిల్లలిద్దరికీ మత్తు అన్న మాటంటేనే అసహ్యం.

"మరే. వద్దంటే ఒగ్గీ" అంది మామ్మ. "జీలకర్ర కాసి ఇత్తాను."

"ఉండమ్మా" అన్నాడు నాన్న. "జీలకర్ర ఏడాది నుంచి ఇత్తన్నావు. ఈ ఇంట్లో నానొక్కణ్ణే నిద్రోతన్నాను. సిగ్గేత్తంది నాకు."

మావయ్య నా వైపు చూశాడు. నాన్న కూడా చూశాడు. అమ్మ అందరినీ చూసి, చివరికి నన్ను అడిగింది.

"పైడీ, నువ్వు సెప్పు. నువ్వే కదా విన్నావు. మత్తుంతాదా ఉండదా?"

ఉండదని చెబితే వేసుకుంటుంది. ఆ సంగతి నాకు తెలుసు. అమ్మ వెనక నుంచి మావయ్య తల అడ్డంగా ఊపుతున్నాడు, లేదని చెప్పమని. కానీ రేపు పొద్దున్న తల బరువుగా ఉంటే అమ్మ నన్ను ఇక నమ్మదు. డాక్టరునూ నమ్మదు. అప్పుడు ఇక ఎవరి మాట వింటుంది?

"ఉండొచ్చమ్మా" అన్నాను. "మొదట్లో పొద్దున్నేళ ఉండొచ్చని సెప్పింది. తర్వాత తగ్గతదని సెప్పింది. సారాలాగ ఇంకా ఇంకా కావాలనిపించదంట. అదీ అడిగినాను."

"అడిగినావా?"

"మళ్లీ లోపలికొచ్చినాక నువ్వు మిస్సీతో మాటాడతన్నప్పుడు అడిగినాను. తాత సంగతి సెప్పి అడిగినాను."

 అమ్మ లేచి మందు సంచి తీసి, ఇంటి దేవుడి పటం పక్కన తెల్ల మాత్రలు ఉండే చోట పెట్టింది.

"సూద్దాం" అంది.

ఆ రాత్రి వేసుకుంది. మర్నాడు తెల్లారినా లేవలేదు. ఎండెక్కాక లేచి, గోడ పట్టుకుని నడిచి, కాఫీలో ఉప్పు వేసుకుంది. మామ్మ నడుము మీద చేతులు పెట్టుకుని నా ముందు నిలబడి, "సూసినావా నీ డాక్టరు నిర్వాకం" అంది. నాకు ఏడుపొచ్చింది. ఆ మర్నాడూ అంతే. మూడో పొద్దున్న అమ్మే క్లినిక్కుకు ఫోను చేయమంది. మావయ్య ఫోను అందుకోబోయాడు. అమ్మ అతని చేతిలోంచి తీసి నాకు ఇచ్చింది. కన్నియమ్మ మిస్సీ డాక్టరును అడిగి చెప్పింది, మాత్ర పడుకునేదాకా ఆగి వేసుకోవద్దు, అన్నం తిన్న కాసేపటికే వేసుకోండి అని. అమ్మ పనంతా ముగించి, గిన్నెలు కడిగి, అన్ని దీపాలూ ఆర్పాక వేసుకుంటోంది మరి.

పెందలాడే వేసుకోవడం మొదలుపెట్టాక పొద్దుట బరువు కొంచెం కొంచెంగా తగ్గింది. ఒక రోజు అమ్మ లేచి, "ఆకలేత్తందే" అని పొద్దున్నే చద్దన్నం డురియాన్‌తో కలుపుకుని తిన్నది. మామ్మ ముక్కు మూసుకుని మరీ వడ్డించింది. జీలకర్ర కాయడం మానలేదు, కానీ దాన్ని ఇప్పుడు తనే తాగుతోంది.

మావయ్య లారీ ఆఫీసులో ఈ కథ అందరికీ చెప్పాడు. తమిళవాళ్లకు చెప్పేటప్పుడు వాళ్ల భాష వల్లే తన అక్కకు నిద్ర పోయిందని దెబ్బలాడతాడట. వాళ్లు నవ్వి, మీ తెలుగే సరిగా లేదు లా అంటారట. ఇప్పుడు మా ఇంటికి వచ్చినప్పుడల్లా గుమ్మం దగ్గరే ఆగి, "డాక్టరుగారూ, లోపలికి రావచ్చా?" అని నన్ను అడుగుతాడు. నేను సిగ్గుపడతాను. కానీ ఆ పిలుపు కోసం ముందు గదిలోనే ఉంటాను, నిజం చెప్పాలంటే.

నేను రోజూ రాత్రి అమ్మ మాత్ర వేసుకునేదాకా ఉండి, ఆమె పక్కన కూర్చుని చూస్తాను. రెప్పలు వాలుతున్నాయా, ఊపిరి మారిందా అని చూస్తాను. డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లినప్పుడు సరిగా చెప్పాలి కదా. నిన్న కూడా అలాగే వెళ్లాను. నాన్న పనికి బయలుదేరుతూ వాకిట్లో మోటారుసైకిలు తుడుస్తున్నాడు. అమ్మ అప్పటికే ఆవలిస్తూ దుప్పటి దులుపుతోంది.

"అమ్మా, నిద్రొత్తందా?" అన్నాను గుమ్మంలోంచి.

"వత్తంది."

"ఎంతొత్తంది? నిన్నటికన్నా ఎక్కువా, తక్కువా?"

"ఓలే!" అంది అమ్మ. చేపల బండి దగ్గర వినిపించిన ఆ గొంతుతోనే అంది. "నాను కళ్లు మూత్తే వంగి సూత్తావు. తెరిత్తే నిద్రొచ్చిందా అనడుగుతావు. నీ దెబ్బకి వచ్చిన నిద్ర కూడా పారిపోతంది. పో, మామ్మ దగ్గరికి పో."

"డాక్టరుకి సెప్పాలి కదమ్మా."

"నాను సెప్పుకుంతాను. నాకూ నోరుంది."

వాకిట్లో నాన్న పగలబడి నవ్వాడు. అమ్మ నా దిండు తీసి నా చేతుల్లో కుక్కి, భుజం పట్టి వెనక్కి ఒక అడుగు నెట్టి, నా మొహం మీదే తలుపు వేసేసింది.